గిన్నె అడుగున పేరు

ఆ ఉదయం ఆకాశం బెల్లం పెనం మీద తేలిన తెట్టులా ఉంది. మధ్యలో మట్టిరంగు, అంచుల్లో నురగ, తూర్పున ఎక్కడో ఒక ఎర్రచార. వాన పడాలో ఎండ కాయాలో ఆకాశానికే తేలినట్టు లేదు. అటువంటి ఆకాశం కింద, టెక్సాస్‌లోని కాపెల్ ఊరి బడి ముందు, అద్దెకు తెచ్చిన పసుపుపచ్చ బస్సు మెట్టు మీద నిలబడి కృష్ణమోహన్ ప్రకటించాడు.

"సోదర సోదరీమణులారా! రెండువేల ఏళ్ళ తెలుగుజాతి చరిత్రలో, గాజు అనే పదార్థాన్ని గురించి తెలుసుకోవడానికి బయల్దేరుతున్న మొట్టమొదటి బస్సు ఇది!"

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలస్వామి ఒక్కడే కొట్టలేదు. ఆయన వంగి బస్సు టైరు చూస్తున్నాడు.

అప్పలస్వామి కృష్ణమోహన్ భార్య రాధారాణికి సొంత అన్న. అనకాపల్లి పక్క పల్లెలో బెల్లం వండుతాడు. చెల్లెల్ని చూసిపోదామని వచ్చి నెల్లాళ్ళయింది. ఈ నెల్లాళ్ళలో ఆయన మాట్లాడిన మాటలు ఒక పోస్టుకార్డు మీద రాస్తే ఇంకా అడ్రసుకి చోటు మిగులుతుంది.

కృష్ణమోహన్ ప్రకటన ఎంత గంభీరంగా ఉందో ఆయన గుండె అంత గంభీరంగా లేదు. అది అప్పుడు చేస్తున్న చప్పుడుకి కారణం రాధారాణి ఒళ్ళో, పట్టుచీరలో చుట్టి, పురిటిబిడ్డలా పడుకుని ఉన్న గాజుగిన్నె.

ఆ గిన్నె కథ చెప్పకపోతే బస్సు కదలదు.

అయిదేళ్ళ కిందట, అంటే డెబ్బై తొమ్మిదిలో, దక్షిణానికి వెళుతుంటే దారిలో వాళ్ళ కారు రేడియేటర్ మరిగిపోయింది. ఆగినచోట డోలినా అనే చిన్న పల్లె ఉంది. మూడు తరాల కిందట సముద్రాలు దాటి వచ్చిన చెక్ రైతుల ఊరు అది. ఊరి చివర రేకుల షెడ్డు. అందులో హావ్లిక్ అనే ముసలాయన, తాత నేర్పిన పద్ధతిలో గాజు ఊదుతుంటాడు. కారు చల్లారేలోపు రాధారాణి ఒక గిన్నె ఏరుకుంది. బాగున్నవాటిలోంచి కాదు. మూల బల్ల మీద, కాస్త వంకరపోయినవి పెట్టిన చోటినుంచి. గిన్నె మంచిదే గానీ పక్కన చిన్న గాలిబుడగ ఉంది.

"పేరు వేయించండి" అంది రాధారాణి.

"గాజు మీద పేరేమిటే!"

"కొత్త సామాను పేరు లేకుండా ఇంటికెలా తీసుకెళ్తామండీ? రేపు నలుగురి ఇళ్ళకీ కూరో నారో పంపితే, తిరిగొచ్చేది మనదో కాదో ఎలా తెలుస్తుంది?"

స్టీలుకొట్టులో గిన్నె కొన్న ప్రతిసారీ టకటకమని పేరు కొట్టించుకున్న వంశం అది. కృష్ణమోహన్ ఒక కాగితం ముక్క మీద గుండ్రటి అక్షరాలతో 'శ్రీమతి రాధారాణి కృష్ణమోహన్' అని రాసి, కింద తేదీ వేసి ఇచ్చాడు. ముసలాయన ఆ కాగితాన్ని కళ్ళజోడు పైకెత్తి చూశాడు. కిందికి దించి చూశాడు. తరవాత తన చిన్న రాగిచక్రం తిప్పి, గిన్నె అడుగున అచ్చుగుద్దినట్టు చెక్కి ఇచ్చాడు.

మరుసటి వారం భోజనానికి వచ్చిన, తెలుగు సంఘంలోని వసుమతి ఆ గిన్నె చూసి, "ఎక్కడిదండీ?" అంది.

"చెక్ వాళ్ళ పనండీ" అంది రాధారాణి. అది నిజమే.

"అబ్బో! చెకొస్లొవేకియా వెళ్ళారా?"

రాధారాణి కాదనలేదు. నవ్వింది. మిగతా పని కృష్ణమోహన్ చూసుకున్నాడు. ఇండియానుంచి తిరిగొస్తూ వెళ్ళామన్నాడు. లైబ్రరీ పుస్తకంలోని బొమ్మల్ని ఫోటోలు తీసి, స్లయిడ్లు చేయించి, ఒక ఆదివారం తెల్లదుప్పటి మీద వేసి చూపించాడు కూడా. ఒక్క స్లయిడ్‌లోనూ మొగుడూపెళ్ళాలు లేరేమని ఎవరో అడిగారు.

"ఫోటో తీసేవాడు ఫోటోలో ఎలా ఉంటాడండీ!"

"మరి రాధారాణి గారు?"

"కెమెరా మూత పట్టుకుని నా వెనకే ఉంది!"

ఆనాటినుంచి గిన్నె షోకేసులో, మఖమల్ గుడ్డ మీద కూర్చుంది. అందులో కూర పడలేదు, నారా పడలేదు. అడుగున పేరుందన్న భయం కృష్ణమోహన్‌కి లేదు. ఒకరింటి గిన్నె ఇంకొకరు బోర్లించి చూడటం మర్యాద కాదు గదా. మన సంఘంలో అందరూ మర్యాదస్తులే.

ఆ సంఘం పేరు ఉత్తర టెక్సాస్ తెలుగు సాహితీ సాంస్కృతిక విజ్ఞాన వినోద సమాఖ్య. పేరు చదివేసరికి సభ సగమయ్యేది. దానికి అధ్యక్షుడు శ్రీధర్. సాంస్కృతిక కార్యదర్శి పదవి ఈ ఏడాది ఖాళీ అయింది. ఆ పదవికి వేదిక మీద చేతుల కుర్చీ ఉంటుంది. మిగతావాళ్ళవి మడత కుర్చీలు. ఆ చేతుల మీద తన చేతులు పెట్టుకోవాలని కృష్ణమోహన్ నాలుగేళ్ళుగా కలలు కంటున్నాడు. ఐరోపా చూసివచ్చిన మనిషి కాబట్టి ఆయనకే ఇద్దామని శ్రీధర్ మాట ఇచ్చాడు కూడా.

ఇంతలో అప్పలస్వామి వచ్చాడు. కార్యవర్గమంతా వాళ్ళింట్లో భోంచేస్తున్న రోజున, షోకేసు ముందు చాలాసేపు నిలబడి, "ఈ గాజు ఎలా కాస్తారో సూడాలమ్మా" అన్నాడు. నెల్లాళ్ళలో ఆయన అడిగిన కోరిక అదొక్కటే.

"అది చాలా దూరం బావగారూ. ఐరోపాలో ఉంది" అన్నాడు కృష్ణమోహన్.

పన్నెండేళ్ళ కూతురు రేణు కంచంలోంచి తల ఎత్తింది. "నో డాడీ! మా స్కూల్ ఫీల్డ్ ట్రిప్ వెళ్ళింది కదా? చెక్ గ్లాస్ ప్లేస్? టూ అవర్స్ అంతే. అక్కడ ఓల్డ్ మాన్ సో స్వీట్!"

గదిలో ఒక్కసారిగా అందరి చేతులూ కంచాల మీద ఆగిపోయాయి. ఆ సంగతి కృష్ణమోహన్ గమనించలేదు. తన చెయ్యి ఆగినందుకే ఆయన కంగారుపడుతున్నాడు.

"ఎండలు కదండీ" అంది వసుమతి.

"నాకు బస్సు పడదు" అన్నాడు ఆమె భర్త గోపాల్.

కానీ విజ్ఞానం అన్న మాట సంఘం పేరులోనే ఉంది. విజ్ఞానయాత్ర వద్దని మొదట అనేవాడు ఎవడు? శ్రీధర్ గొంతు సవరించుకుని, "మంచి ఆలోచన" అన్నాడు, అది మంచి ఆలోచన కానట్టుగా. "కృష్ణమోహన్ గారు అసలు కార్ఖానా చూసివచ్చారు కాబట్టి నాయకత్వం వారిదే. ఆ ఒరిజినల్ గిన్నె కూడా తెస్తే, లోకల్ సరుక్కీ దానికీ తేడా అందరికీ చూపించవచ్చు."

అదీ, గిన్నె బస్సెక్కిన కథ.

కృష్ణమోహన్ ముందుజాగ్రత్తగా పెళ్ళినాటినుంచీ ఉన్న మీసం తీసేశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టాడు. నుదురు మూసేలా టోపీ లాగాడు. ముసలాయన గుర్తుపట్టి, "మళ్ళీ వచ్చావా! రేడియేటర్ ఎలా ఉంది?" అన్నాడంటే చేతుల కుర్చీ పోయినట్టే. బస్సులో వెనక్కి తిరిగి చూస్తే శ్రీధర్ కూడా నల్లద్దాల్లోనే ఉన్నాడు. వసుమతి కొంగు ముక్కుదాకా కప్పుకుంది. గోపాల్ ఏప్రిల్ నెలలో మెడకి మఫ్లర్ చుట్టుకున్నాడు. టెక్సాస్ ఎండ మన వాళ్ళకి బొత్తిగా పడటం లేదని కృష్ణమోహన్ జాలిపడ్డాడు.

బస్సు డాలస్ దాటి పొలాల్లో పడింది. రోడ్డు వార నీలం పూలు మైళ్ళకొద్దీ పరుచుకుని ఉన్నాయి. మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. దూరంగా గాలిమర తిరుగుతోంది, దాని కింద ఆవులు తిరగకుండా నిలబడ్డాయి.

"మైకు తీసుకోండి సార్! అక్కడి పల్లెలకీ వీటికీ తేడా చెప్పండి!" అని ఎవరో అరిచారు.

కృష్ణమోహన్ మైకు అందుకున్నాడు. "పచ్చదనం ఇక్కడా ఉంది. కాదనను. కానీ అక్కడి పచ్చదనంలో ఒక సంస్కారం ఉంటుంది. అక్కడి ఆవు మనవైపు చూసే చూపు వేరు!"

అప్పలస్వామి కిటికీలోంచి బయటికి చూసి, "గడ్డి బాగుంది" అన్నాడు.

డోలినాలో రంగులు వేసిన చిన్న చర్చి ఉంది, ఒక రొట్టెల కొట్టు ఉంది, ఊరి చివర ఆ రేకుల షెడ్డు ఉంది. పదకొండు కుటుంబాలు బస్సు దిగి, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ లోపలికి వెళ్ళాయి. ముందెవరు నడవాలన్నదాని మీద ఇంత వినయం ఆ సంఘంలో ఎన్నడూ చూడలేదు. చివరికి అప్పలస్వామి ముందు నడిచాడు.

కొలిమి ఎర్రగా మండుతోంది. హావ్లిక్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. బక్కపలచగా, మోచేతులదాకా కాలిన మచ్చలతో ఉన్నాడు. పొడుగాటి ఇనపగొట్టం కొలిమిలో ముంచి, తేనెముద్దలాంటి గాజు తీసి, గొట్టాన్ని గిరగిరా తిప్పుతున్నాడు. తిప్పడం ఆపితే ముద్ద జారిపోతుంది. అప్పలస్వామి కొలిమి పక్కకి వెళ్ళి, వేడికి కళ్ళు చికిలించి, ఆ ముద్దనే చూస్తూ నిలబడ్డాడు. ముసలాయన ముద్దని రెండోసారి కొలిమిలో పెట్టాడు. రంగు ఎరుపులోంచి నారింజకి తిరుగుతుండగా అప్పలస్వామి చూపుడువేలు ఎత్తాడు.

"పాకం వచ్చీసింది."

అదే క్షణంలో ముసలాయన గొట్టం బయటికి లాగాడు. లాగి, వేలు ఎత్తిన మనిషిని చూశాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ వేలు లేచింది, మళ్ళీ గొట్టం బయటికి వచ్చింది. మూడోసారికి ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకడికి తెలుగు రాదు, ఒకడికి ఇంగ్లీషు రాదు. పొయ్యి దగ్గర బతికినవాళ్ళకి మధ్యలో మనిషి అక్కర్లేకపోయింది.

తన మీద చూపు పడలేదు కదా అని కృష్ణమోహన్ ఊపిరి పీల్చుకుంటుండగా, శ్రీధర్ గట్టిగా, అయితే మొహం పక్కకి తిప్పుకుని, ముసలాయనకి చెప్పాడు. "ఈయన మీ దేశం వెళ్ళి చూసివచ్చారు."

హావ్లిక్ గొట్టం పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. టోపీ కూడా తీశాడు.

"నేను చూడలేదు. మా నాన్నా చూడలేదు. మా తాత పోయేదాకా ఆ ఊరి మాటే చెప్పేవాడు. చెప్పు బాబూ, ఎలా ఉంటుంది అక్కడ?" అన్నాడు. ఆయన కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

లైబ్రరీ పుస్తకంలో కోటలున్నాయి, వంతెనలున్నాయి, పల్లె ఒక్కటీ లేదు. కృష్ణమోహన్ తను చిన్నప్పుడు చూసిన పల్లెనే మొదలుపెట్టాడు.

"ఊరికి పడమట ఒక కొండ ఉంటుంది. కొండ కింద ఏరు. ఏటివార చె..." చెరకు అనబోయి నాలుక కరుచుకున్నాడు. "మనిషెత్తు పెరిగే ఒక రకం తియ్యటి గడ్డి. సాయంత్రమయ్యేసరికి ఊరంతా తియ్యటి పొగ వాసన. ఒక చెక్క యంత్రం చుట్టూ ఎద్దు తిరుగుతూ ఉంటుంది."

"ఎద్దు! తాత ఎద్దు సంగతి చెప్పేవాడు!" అంటూ ముసలాయన గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

రేణు మేనమామ చెవిలో తర్జుమా చేసింది. "మామయ్యా, డాడీ చెప్తున్నాడు, అక్కడ ఒక హిల్ ఉంది, కింద రివర్ ఉంది, స్వీట్ గ్రాస్ ఉంది, ఆక్స్ రౌండ్ రౌండ్ తిరుగుతుంది."

అప్పలస్వామి నెమ్మదిగా బావమరిది... కాదు, బావ వైపు తిరిగాడు. ఆయన చూపుకి చుట్టరికం కూడా తడబడింది.

"ఆ ఎద్దుకి ఎడం కొమ్ము లేదు కదా బావా?"

కృష్ణమోహన్ టోపీ ఇంకా కిందికి లాగాడు. "లేదు."

"ఏరు దాటాలంటే తాటిదుంగ మీంచి నడవాలేటి?"

"...నడవాలి."

"ఊఁ" అన్నాడు అప్పలస్వామి. "ఐతే ఆ దేశం నేనూ సూశాను."

ఆ సంభాషణ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ శ్రీధర్ వదల్లేదు. "ఆ ఒరిజినల్ కూడా చూపించండి రాధారాణి గారూ! తేడా ఈయన నోటే విందాం!"

రాధారాణి మూట విప్పింది. విప్పినంతసేపూ, ఇన్ని మడతలు చుట్టినందుకు తనని తనే మెచ్చుకుంది. చివరికి మడతలు కూడా అయిపోయాయి. హావ్లిక్ గిన్నె అందుకున్నాడు. వెలుతురుకి పట్టి, గాలిబుడగ చూశాడు. చెక్ మర్యాద వేరు కాబోలు, వెంటనే బోర్లించాడు.

కృష్ణమోహన్ కళ్ళు మూసుకున్నాడు. చేతుల కుర్చీ ఒక చెయ్యి ఊడింది. రెండో చెయ్యి ఊడుతోంది.

ముసలాయన అడుగున ఉన్న అక్షరాల మీద బొటనవేలు రాశాడు. ఆయన మొహం కొలిమిలా వెలిగిపోయింది.

"ఇది నా చెక్కుడే! మా దేశమంతా చూసివచ్చినవాడివి, నా దగ్గర కొన్నావా బాబూ!" అని కృష్ణమోహన్‌ని కావలించుకున్నాడు. ఎవరూ కదలకముందే, "అయితే మీరేనా వాళ్ళు? ఇన్నేళ్ళూ ఎవరిని అడగాలో తెలియలేదు. రండి, అందరూ రండి!" అంటూ షెడ్డు వెనక గది తలుపు తీశాడు.

ఆ గది గోడ నిండా కాగితం ముక్కలు. వరసగా, ఒక్కొక్కటీ గాజుపలక కింద పెట్టి, చెక్కచట్రం కట్టి, దేవుడి పటాల్లా వేలాడదీసి ఉన్నాయి. అన్నిటి మీదా తెలుగు అక్షరాలే. ఎవరి చేతిరాత వారిదే. ప్రతి పేరు కిందా తేదీ.

"అయిదారేళ్ళుగా వస్తున్నారు మీవాళ్ళు" అన్నాడు హావ్లిక్. "ఒకేసారి ఒక్క కారే వస్తుంది. దిగగానే వెనక్కి తిరిగి చూస్తారు, పులి తరుముతున్నట్టు. వంకర బల్ల దగ్గరికే వెళతారు. కొన్నాక ఒక కాగితం రాసిస్తారు, దీన్ని అడుగున చెక్కమని. నా జీవితంలో ఇంత అందమైన రాత చెక్కలేదు. గాజులాగే గుండ్రం! ఒక్క కాగితమూ పారెయ్యబుద్ధి కాలేదు. వీటిలో ఏముందో చదివి చెప్పండి."

ఎవరూ చదవలేదు. రెండువేల ఏళ్ళ చరిత్ర ఉన్న జాతి ఒక్కసారిగా నిరక్షరాస్యమైపోయింది. శ్రీధర్ నల్లద్దాలు తుడుచుకున్నాడు, కళ్ళనుంచి తియ్యకుండానే.

ఆ గుంపులో దాచుకోవడానికేమీ లేనివాడు ఒక్కడే. వానాకాలం చదువైనా, ఊరి బడిలో అయిదో తరగతిదాకా చదివినవాడు. అప్పలస్వామి గోడ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక కట్టుకుని, పంతులుగారు నేర్పినట్టు ప్రతి అక్షరం విడదీసి, ఊరి చివరిదాకా వినపడేలా చదవసాగాడు.

"శ్రీ... మతి... శాం... తి... శ్రీ... ధర్! వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బై ఎనిమిది!"

"ప్రెజెంట్ సార్!" అన్నాడు శ్రీధర్. అనాలనుకోలేదు పాపం. ఆ గొంతు, ఆ ఫక్కీ వినగానే ముప్పై ఏళ్ళ కిందటి బడి బల్ల మీదినుంచి దానంతటది లేచి వచ్చింది.

వియన్నాలో కజిన్ పంపాడని సంఘమంతా నమ్మిన పూలకుండీ, అందరికన్నా ముందు ఇక్కడినుంచే వెళ్ళింది.

"శ్రీ... మతి... రా... ధా... రా... ణి... కృష్ణ... మో... హన్!"

"ఉన్నానండీ" అంది రాధారాణి, చెయ్యెత్తి.

"వ... సు... మతి... గో... పాల్! ఎనభై!"

కొంగు కిందినుంచి, "ఆఁ" అని వినపడింది. ప్రేగ్ ఎయిర్‌పోర్టులో కొన్న అరడజను గ్లాసులు అవే. మఫ్లర్‌లోంచి గోపాల్ దగ్గాడు. ఆ దగ్గు కూడా హాజరు కిందే వెళ్ళింది.

బస్సులో వచ్చిన పదకొండు కుటుంబాలూ హాజరు పలికాయి. పేర్లు పన్నెండు. పన్నెండో పేరు మళ్ళీ శాంతీశ్రీధర్‌లదే, ఎనభై రెండులో. దానికి అధ్యక్షుడు ఒక వేలు మాత్రం ఎత్తాడు.

"పేర్లేనా!" అన్నాడు హావ్లిక్ సంతోషంగా. "నేను ప్రార్థనలనుకున్నాను."

శ్రీధర్ మెల్లిగా అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అధ్యక్షుడంటే అధ్యక్షుడే. క్షణంలో తేరుకుని, సంఘపు భాషలోకి దిగాడు. "ఇత్యాది పరిణామాలన్నిటినీ పురస్కరించుకుని, సాంస్కృతిక కార్యదర్శిగా శ్రీ కృష్ణమోహన్ గారిని ప్రతిపాదిస్తున్నాను. వారి అర్హతల విషయంలో ఎవరికైనా అభ్యంతరాలుంటే ఇప్పుడే, ఇక్కడే, ఈ గోడ ముందు నిలబడి చెప్పవచ్చును."

అందరూ గోడ వైపు చూశారు. గోడ అందరి వైపూ చూసింది.

"ఏకగ్రీవం" అన్నాడు శ్రీధర్.

సంఘం పుట్టినప్పటినుంచీ ఏ తీర్మానమూ అంత శాంతంగా ఆమోదం పొందలేదు. కృష్ణమోహన్‌కి చేతుల కుర్చీ దక్కింది. అందులో కూర్చున్న ప్రతిసారీ ఈ గోడ గుర్తొస్తుందని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

అప్పలస్వామి మాత్రం వంకర బల్ల దగ్గర ఒక గిన్నె ఏరుకుని, పెన్సిలు అడిగి, కాగితం మీద రాసి ఇచ్చాడు. ముసలాయన చక్రం తిప్పి చెక్కాడు. రేణు వంగి, కూడబలుక్కుని చదివింది. "అప్... అప్పలస్వామి. హావ్... హావ్లిక్ గారి పని. డోలినా, టెక్సాస్."

"ఊరి పేరెందుకన్నయ్యా?" అంది రాధారాణి, గొంతు తగ్గించి.

"సేసినోడి పేరూ ఊరూ లేకపోతే ఎలాగమ్మా? మా బెల్లం బుట్ట మీదా ఉంటాది."

భోజనాల వేళయింది. షెడ్డు ముందు, పెకాన్ చెట్టు కింద బల్లలు వేశారు. పులిహోర, పెరుగన్నం బస్సులోంచి దిగాయి. హావ్లిక్ భార్య మధ్యలో పండ్లముద్ద పెట్టి కాల్చిన చిన్న రొట్టెలు పళ్ళెంనిండా తెచ్చింది. ఆకాశం ఎప్పుడు తేటపడిందో, నీళ్ళతో కడిగిన గాజులా ఉంది. పులిహోర వడ్డించడానికి గిన్నె తెచ్చుకోలేదని అప్పుడు తెలిసింది. రాధారాణి పట్టుచీర మడిచి పక్కన పెట్టి, అయిదేళ్ళుగా మఖమల్ మీద కూర్చున్న గిన్నెలో పులిహోర గుమ్మరించింది.

గిన్నె చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. హావ్లిక్ మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకొకటి తీసుకున్నాడు. అప్పలస్వామి తన గిన్నెలో పెరుగన్నం కలుపుకుని, రొట్టె ముంచుకుని తిన్నాడు. పులిహోర తగ్గేకొద్దీ, పసుపునూనెతో మెరుస్తూ, అడుగునుంచి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చివరి ముద్ద వసుమతి తీసుకుంది. పేరు మొత్తం కనిపించింది. ఆవిడ గిన్నెని ఓరగా వంచి, ఒకసారి చూసి, అంచున మిగిలిన వేరుశెనగపలుకు నోట్లో వేసుకుని, పక్కవాళ్ళకి అందించింది.